పధ్నాలుగో ప్లాట్‌లో నవధాన్యాలు

న్యూ మెక్సికో వెళ్ళొచ్చానంటే డాలస్ పక్కన మా కాపెల్‌లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే, బెలూన్ ఎక్కారా అని. బెలూనూ ఎక్కలేదు, మ్యూజియమూ చూడలేదు. కాలిపోయిన అడవి చూసొచ్చాను. చూసి ఊరుకుని ఉంటే ఈ నాలుగు ముక్కలూ రాసే పనే ఉండేది కాదు. అక్కడ నేనొక పని చేశాను. చేస్తున్నప్పుడు ఎవరూ చూడలేదు. అందుకే అందరికీ చెప్పాలనిపిస్తోంది.

మా అమ్మాయి సింధు అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. రెండేళ్ళ కిందట ఆ కొండల్లో పెద్ద మంట రేగి అడవి తగలబడింది. కాలిన చోట మళ్ళీ ఏం మొలుస్తుంది, ఏది ముందు వస్తుంది, ఏది ఇక రానే రాదు, ఇదీ దాని చదువు. నాకర్థమైంది మాత్రం ఇంతే. మెడిసిన్ చదవమంటే వద్దని, బూడిదలో గడ్డిపరకలు లెక్కపెడుతోంది. ఆ మాట ఒకసారి ఫోన్‌లో అనేశాను కూడా. నోరు జారడంలో మా వంశంలో నాకు సాటి లేదు. తర్వాత నాలుగు నెలలు అది వాళ్ళమ్మతోనే మాట్లాడింది, నాతో మాట్లాడలేదు.

2013 ఆగస్టులో నాకు ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు వారం ఖాళీ దొరికింది. నా భార్య పద్మకి ఆఫీసులో ఊపిరాడని పని. "మీరే వెళ్ళి రండి. అది ఏం చేస్తోందో చూడండి. చూసి ఏమీ అనకండి" అంది.

కాపెల్ నుంచి అమరిల్లో

పద్మ పులిహోర, కందిపొడి, ఆవకాయ సర్దింది. చివర్లో చిన్న జిప్‌లాక్ సంచి ఒకటి నా చొక్కా జేబులో పెట్టింది. నవధాన్యాలు.

"అమ్మాయి పనిచేసే నేల మీద నాలుగు గింజలు చల్లి దణ్ణం పెట్టుకోండి. కాలిపోయిన నేల కదా" అంది.

"గవర్నమెంట్ అడవిలో పూజలు చేస్తే లోపలేస్తారు పద్మా."

"చల్లమన్నాను. పూజ చేయమన్నానా?"

నాకు పూజలూ పునస్కారాలూ పెద్దగా పట్టవు. పద్మకి మాత్రం ఒట్టి నేల కనబడితే చేతులు ఊరుకోవు. మా ఇల్లు కట్టేటప్పుడు కాంక్రీట్ పోసే రోజు సెలవు పెట్టి మరీ వెళ్ళి పునాదిలో నవధాన్యాలు వేసొచ్చింది. అక్కడి మేస్త్రీ అవేమిటని అడిగితే "ఇన్సూరెన్స్" అంది. అతను బుద్ధిగా తలూపి కాంక్రీట్ పోయించాడు.

టెక్సస్ ఉత్తరం వైపు గంటల తరబడి గాలిమరలూ పశువుల మందలూ తప్ప ఏమీ లేవు. అమరిల్లో చేరేసరికి కారు అద్దాలు మూసి ఉన్నా పేడ వాసన లోపలికొచ్చింది. దారంతా సింధుతో మొదటి మాట ఏమనాలా అని ఆలోచించుకుంటూ పోయాను. ఏది అనుకున్నా అది తిరిగి ఏమంటుందో ముందే వినబడేది.

ఎరుపా, పచ్చా

రాత్రి అక్కడే మోటెల్‌లో పడుకుని, మర్నాడు రాష్ట్రం సరిహద్దు దాటాక తుకంకేరిలో ఒక చిన్న హోటల్లో టిఫినుకి ఆగాను. వడ్డించే ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. గుడ్లూ బీన్సూ చెప్పగానే "ఎరుపా, పచ్చా?" అని అడిగింది. పైన పోసే మిరపకాయల పులుసు ఏ రంగుదని. అక్కడ ఏ హోటల్‌కి వెళ్ళినా ఆ ప్రశ్న తప్పదు.

నేను నరసరావుపేట వాణ్ణి. నాకు కారం చెబుతారా అనుకుని "రెండూ" అన్నాను. "పచ్చది ఇవాళ ఘాటుగా ఉంది" అంది ఆవిడ. "పరవాలేదు" అన్నాను. మూడో ముద్దకి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. ఆవిడ ఏమీ అనకుండా మన పూరీలాంటిదే పొంగించినది ఒకటి, తేనె సీసా తెచ్చి ముందు పెట్టింది. బిల్లు ఎనిమిది డాలర్లయింది. పూరీకి డబ్బు తీసుకోలేదు.

మిరపకాయలు కాల్చే పెద్దాయన

కొండ కింద ఊళ్ళో, కూరగాయల కొట్టు ముందు ఒక ఇనప జల్లెడ డ్రమ్ము తిరుగుతోంది. కింద గ్యాస్ మంట, లోపల పచ్చిమిరపకాయలు. బస్తా కాల్చి ఇస్తే ఇరవై డాలర్లు. వీధి వీధంతా ఘాటు, అయినా ఎవరూ దగ్గడం లేదు. మన దగ్గర ఒక్క ఎండుమిరపకాయ మాడితే ఇల్లంతా తుమ్ములే కదా.

డ్రమ్ము తిప్పుతున్న ముసలాయన పేరు అర్మాండో. ఎక్కడికని అడిగాడు. ఫలానా లోయకి, మా అమ్మాయి అక్కడ పనిచేస్తోందని చెప్పాను. ఆయన డ్రమ్ము ఆపేశాడు.

"ఆ లోయ చివర నాకు ఆపిల్ తోట ఉండేది. మంట మా దాకా రాలేదు. చర్చికి వెళ్ళి దండం పెట్టుకున్నాం" అన్నాడు. "తర్వాత వాన పడింది. ఇరవై నిమిషాల వాన, అంతే. పైన నీళ్ళు పీల్చడానికి ఆకు లేదు, గడ్డి లేదు. నల్లటి నీళ్ళు దుంగల్ని మోసుకుంటూ వచ్చాయి. మా నాన్న నాటిన చెట్లు. మంట వదిలేసినవాటిని వాన పట్టుకుపోయింది."

"అయ్యో" అన్నాను, తెలుగులోనే.

"మధ్యాహ్నం ఒంటిగంట దాటితే లోయలో ఉండకు. మబ్బు చిన్నదే కదా అనుకోకు" అన్నాడు. అర బస్తా కొన్నాను. ఆయన డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుని ఆకాశం వైపు చూశాడు.

కొండ మీద

సాయంత్రానికి ఇల్లు చేరాను. సింధు నన్ను చూసి నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు. చేతికో హెల్మెట్ ఇచ్చింది.

"త్రీ రూల్స్, నాన్నా. నేను నడిచిన చోటే నువ్వు నడువు. విండ్ వస్తే మాట్లాడకు, విను. డెడ్ ట్రీస్ పడతాయి. వన్ ఓ క్లాక్‌కి మనం అవుట్. నో ఆర్గ్యుమెంట్."

మర్నాడు పొద్దున్నే దాని ట్రక్‌లో వెళ్ళాం. దారి వాగు గర్భంలో నుంచి పోతుంది. రెండు పక్కలా కొండలు, కొండల నిండా బొగ్గయిన మానులు నిలబడి ఉన్నాయి. కొమ్మలు లేవు, ఆకుల్లేవు. గాలి లేదు గానీ ఎక్కడో ఒక మాను కిర్రుమంటూనే ఉంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ మెడ దానంతటదే పైకి తిరిగేది.

కింద మాత్రం పచ్చగా ఉంది. నేననుకున్న బూడిద దిబ్బ కాదు. మోకాలెత్తు ఓక్ పిలకలు, తుమ్మలాంటి ముళ్ళ మొక్కలు, భుజం దాకా కొరడాల్లా లేచిన ఆస్పెన్ మొక్కలు, మధ్య మధ్య ఊదా రంగు పూలు. వడ్రంగి పిట్టలు ఒకటే టకటక.

"ఇంకేం, అడవి వచ్చేసిందిగా" అన్నాను.

"వచ్చింది. బట్ సేమ్ ఫారెస్ట్ కాదు" అంది. ఓక్, ఆస్పెన్, ముళ్ళ మొక్కలకి వేళ్ళు నేలలో బతికే ఉన్నాయట. పైన కాలినా కింద నుంచి పిలకలు వేస్తాయి. మంటకి ముందు కొండ నిండా ఉన్న పైన్ చెట్లకి ఆ వీలు లేదు, గింజ నుంచే రావాలి. గింజనిచ్చే తల్లి చెట్లన్నీ పోయాయి. గింజ ఎగిరినా ఎంతో దూరం ఎగరదు. "సో, పైన్ తిరిగి వస్తుందా, లేక ఇక ఇది ఓక్ కొండేనా? ఎవరూ ఏమీ చేయకపోతే ఏం జరుగుతుంది? అదే నా క్వశ్చన్."

ఇనప కడ్డీలు పాతి తాడు కట్టిన చదరాలు ఇరవై ఉన్నాయి. ఒక్కోటి మన ఇళ్ళల్లో హాలంత. నాలుగైదు చూపించి పధ్నాలుగో దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, ఇది చూడు. తాడు దాటకుండా."

వేలెడు మొక్క. చిటికెన వేలి మీద సూదుల కుచ్చు పెట్టినట్టుంది. పైన్.

"ట్వెంటీ ప్లాట్స్‌లో ఇదొక్కటే. దగ్గర్లో బతికిన ట్రీ ఆ రిడ్జ్ అవతల ఉంది. ఎలా వచ్చిందో తెలీదు. ఏ బర్డ్ అయినా సీడ్ తెచ్చి దాచుకుని మర్చిపోయిందేమో. లాస్ట్ సమ్మర్ కనిపించింది. మొత్తం వింటర్ బతికింది, నాన్నా."

ఆ మాట అన్నప్పుడు దాని మొహం నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వుతూ నా వైపు తిరిగింది. ఇంత చిన్న ప్రాణం కోసమా ఇది ఎండలో ఇన్నాళ్ళూ మోకాళ్ళు అరగదీసుకుంది అనిపించింది. గడ్డిపరకలు అన్నందుకు సిగ్గేసింది.

నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి, టేపు పట్టుకుని పైన పదిహేనో ప్లాట్‌కి వెళ్ళింది.

జేబులో సంచి తగిలింది. తీశాను. తాడు దాటి, అది నడిచిన అడుగుల్లోనే అడుగులు వేసి, మొక్క చుట్టూ నవధాన్యాలు చల్లాను. సీసాలో నీళ్ళు సగం మొక్క మొదట్లో పోశాను. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఏమని మొక్కుకున్నానో కూడా చెబుతాను. ఈ పిల్లమొక్కని బతికించు, మా అమ్మాయి పని గట్టెక్కించు. తాడు దాటకన్నది లెక్కలోకి రాలేదు, మూడు రూల్సూ పాటించాననే అనుకున్నాను. గింజలు చల్లకు అని నాకెవరూ చెప్పలేదు. అక్కడికి వచ్చే వేరే ఏ తండ్రికీ ఆ మాట చెప్పాల్సిన అవసరం రాదు మరి. సంతోషంగా తిరిగొచ్చి బండ మీద కూర్చున్నాను.

పులిహోర గొంతు దిగని సాయంత్రం

సింధు అద్దెకుంటున్న చెక్క ఇంట్లో ఆరింటికి భోజనానికి కూర్చున్నాం. పులిహోర చూసి చిన్నపిల్లలా నేరుగా డబ్బాలోంచే తినేసింది. అమ్మ గురించి అడిగింది. నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ప్రతి ప్లాట్‌కీ ఒక పేజీ, చివర గడిలో ఏ మార్పు ఎందుకు జరిగిందో కారణం. మంట. వరద. జింక తొక్కింది. బండ దొర్లింది.

మంచి ఉత్సాహం మీద ఉండి, "ఎవరైనా కాస్త సాయం చేస్తే? నీళ్ళో, నాలుగు గింజలో?" అన్నాను.

నవ్వింది. "ఐ విల్ కిల్ దెమ్. వాటర్ కన్నా సీడ్స్ వర్స్, నాన్నా. మౌస్ స్మెల్ పట్టి వస్తుంది. గింజలు తిని, పక్కన సీడ్లింగ్ ఉంటే అదీ కొరికేస్తుంది. వన్ నైట్ చాలు."

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. చెప్పకుండా ఉండొచ్చు, ఎవరూ చూడలేదు. అనుకోలేదంటే అబద్ధం. ముందున్న నీళ్ళగ్లాసు ఖాళీ అయ్యే వరకూ అనుకున్నాను.

"సింధూ, నేను చల్లాను" అన్నాను.

"ఏం చల్లావు?"

"పధ్నాలుగులో. మొక్క చుట్టూ. అమ్మ ఇచ్చిన నవధాన్యాలు."

లేచి ట్రక్ తాళాలు తీసుకుంది. తలుపు తెరిచింది. బయట వాన ధారగా పడుతోంది, కొండ మీద మెరుపులు. లోయ దారి ఇప్పటికే మునిగి ఉంటుందని నాకు కూడా తెలుసు. గుమ్మంలో కాసేపు నిలబడి, తాళాలు మళ్ళీ మేకుకి తగిలించి, పెన్ను తీసుకుని కూర్చుంది.

"ఏం సీడ్స్?"

బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను. వడ్లు, గోధుమలు, కందులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, మినుములు, ఉలవలు, నువ్వులు.

"ఎన్ని?"

"గుప్పెడు లేవు."

"సీడ్లింగ్‌కి ఎంత దూరం?"

"జానెడు."

"నువ్వులు తెల్లవా, నల్లవా?"

"నల్లవి."

కళ్ళు మూసుకుంది. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ ఏదో అంటాను, అలవాటైన దారి. అది అరవలేదు.

నల్ల నేలలో నల్ల నువ్వులు

తెల్లవారుతుండగానే బయల్దేరాం. వాగు దారిలో కొత్త బురద, అడ్డంగా కొమ్మలు. రెండుసార్లు దిగి తీశాం. నేను దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా భయపడ్డాను.

దూరం నుంచే కనబడింది. మొక్క నిలబడే ఉంది. "ఉంది, ఉంది" అన్నాను. సింధు ఊపిరి వదలడం వినబడింది.

చుట్టూ మాత్రం చిన్న చిన్న గుంతలు, గోధుమ పొట్టు. ఎలుకలు వచ్చి వెళ్ళాయన్నమాట. సింధు నాకో ట్వీజర్స్, టీ వడగట్టే జల్లెడ ఇచ్చింది. చెరో పక్కా మోకాళ్ళ మీద కూర్చున్నాం.

శనగలు, బొబ్బర్లు, కందులు ఇట్టే దొరికాయి. వడ్లు బంగారంలా కనబడ్డాయి. పెసలు నాని ఉబ్బాయి, రెండు తోక కూడా పెట్టాయి. ఇంట్లో అలా మొలకెత్తితే సంబరపడేవాళ్ళం. ఉలవలు రాలిన బెరడు రంగులోనే ఉన్నాయి. ఇక మినుములూ నువ్వులూ. నేల నలుపు, బూడిద నలుపు, గింజ నలుపు. ఒక్కో నువ్వు గింజకి ఐదు నిమిషాలు. బొగ్గు నలుసుని పట్టుకుని గింజనుకోవడం, గింజని వదిలేసి బొగ్గనుకోవడం. ఏరిన ప్రతిదీ సింధు కవర్‌లో వేసి గీత గీస్తోంది.

పది దాటింది. కొండ వెనక తెల్ల మబ్బు లేచింది. పదకొండుకి దాని అడుగు నల్లబడింది. గాలి మొదలైంది. ఎదుటి వాలు మీద ఒక మాను ఫెళ్ళుమని విరిగి పడింది. నేల అదిరింది. ఇద్దరం హెల్మెట్లు పట్టుకుని కాసేపు విన్నాం, మళ్ళీ వంగాం.

పన్నెండున్నరకి టైమయిందంది. "ఇంకో పది నిమిషాలు, సింధూ. ఇంకా ఉన్నాయి" అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినబడింది. "నో, నాన్నా. రూల్" అంది.

లేవబోతూ చివరిసారి మొక్క దగ్గరికి వంగింది. మొదలు చుట్టూ వేలితో బూడిద పక్కకి తీసింది. కాడ చుట్టూ పళ్ళ గాటు. చుట్టూరా కొరికేసి ఉంది. ఆకుపచ్చగా ఉందే గానీ, నిలబడింది బురద పట్టుకోవడం వల్ల. వేలు తగలగానే పక్కకి వాలి పడుకుంది.

నేను పోసిన నీళ్ళు, రాత్రి వాన కలిసిన బురద అది.

ట్రక్‌లో

కొండ అంచు ఎక్కేసరికి వాన దిగింది. ట్రక్ ఆపి వెనక్కి చూశాం. మేం పావుగంట కిందట దాటిన వాగులో నల్లటి నీళ్ళు దుంగలతో సహా పోతున్నాయి. ఇంకో పది నిమిషాలన్న మనిషిని నేనే.

సింధు నోట్‌బుక్ తీసి పధ్నాలుగో పేజీ తెరిచింది. పైన్ మొక్కలు అన్న గడిలో ఒకటి కొట్టేసి సున్నా వేసింది. కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను. "ఎలుక కొరికిందని రాయమ్మా. అబద్ధం కాదు కదా" అన్నాను.

"మౌస్ ఎందుకు వచ్చింది, నాన్నా?" అంది. కోపం లేదు, నిజంగా అడిగినట్టే అడిగింది. పెన్ను నా చేతిలో పెట్టింది.

నా చేత్తోనే రాశాను. సందర్శకుడు, పరిశోధకురాలి తండ్రి, ఫలానా రోజు నీళ్ళు పోసి గింజలు చల్లాడు, ఎలుకలు వచ్చాయి, మొక్క పోయింది. గింజల పేర్లు ఇంగ్లీషులో రాస్తూ ఉలవల దగ్గర ఆగిపోయాను. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు, తెలుగులోనే రాశాను. కింద సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో అందరి తప్పులూ వెతికి పేర్లతో సహా రాసినవాణ్ణి. నా పేరు రాసుకోవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు ఈ ప్లాట్ పనికిరాదా?" అని అడిగాను.

"ఉంటుంది. జీరో కూడా డేటానే. విత్ ఎ నోట్." నోట్‌బుక్ మూసి, "లాంగ్ నోట్" అంది.

ఇంటికెళ్ళాక పద్మ ఫోన్ చేసింది. "చల్లారా?" అంది. చల్లానన్నాను. మిగతాది ముఖాముఖి చెబుదామనుకుని అమ్మాయికి ఫోన్ ఇచ్చాను. అది వాళ్ళమ్మతో పులిహోర గురించి మాట్లాడింది, దీని గురించి ఒక్క మాట అనలేదు.

పదిహేనో ప్లాట్

మర్నాడు నేను తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే సింధు గుమ్మంలో నిలబడింది. చేతిలో రెండు హెల్మెట్లు.

"ఊరికి వన్ ఓ క్లాక్ తర్వాత బయల్దేరవచ్చు కదా" అంది.

కొండ మీద ట్రక్ ఆపాక నన్ను ముందుకి కదలనివ్వలేదు. ఊరికే చెయ్యి చాపింది. అర్థమైంది. జేబులన్నీ బయటికి తిప్పాను. తాళాలు, మోటెల్ పెన్ను, పద్మ ఎప్పుడు పెట్టిందో తెలియని కుంకుమ పొట్లం. చొక్కా జేబు కుట్టు మూలలో మూడు నువ్వు గింజలు. సింధు వాటిని ట్వీజర్స్‌తో ఒక్కొక్కటే తీసి, కవర్‌లో వేసి, పైన 14 అని రాసింది. ప్యాంటు మడతలు విప్పమంది. విప్పాను. బూట్లు దులపమంది. దులిపాను.

పదిహేనో ప్లాట్ తాడు దగ్గరికి వెళ్ళాక టేపు ఒక కొస నా చేతికిచ్చింది.

"పట్టుకో, నాన్నా. కదలకు."

అది టేపు లాక్కుంటూ ఆ చివరికి వెళ్ళి కూర్చుంది. ఒక్కో మొక్క పేరూ పైకి చదువుతూ రాసుకుంది. ఓక్, ఓక్, గడ్డి, ఓక్. చెవి మీద ఈగ వాలింది. కదలలేదు.